హెల్‌విక్ నివాసి

శ్రావణ శుక్రవారం నాడు మా ఇంట్లో అమ్మవారు గోడకు ముఖం పెట్టి కూర్చుంది.

ముగ్గు వేసి, పీట పెట్టి, బియ్యం పోసి కలశం నిలిపింది నా భార్య నూకరత్నమే. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ వ్రతం తప్పకుండా చేస్తోంది. తూర్పు ఎటో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. గాజువాకలో ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు పూజగది ఎటు రావాలో మేస్త్రీకి చూపించిందే ఆమె. అలాంటిది ఆవేళ పీట వెనక్కి తిరిగి ఉంది. పరధ్యానంగా పెట్టిందనుకుని నేను సరిచేయబోయాను. ఉంచమంది. తూర్పు అటే కదా అంది.

పక్కింట్లో ఉండే మా అక్క అప్పలకొండ అప్పటికే వచ్చి గుమ్మం దగ్గర చతికిలబడి ఉంది. ఆవిడ నోటికి అడ్డు ఉండదు.

"తూరుపెప్పుడు మారిందే అమ్మీ? సూర్యుడు నీకు చెప్పీసి ఇల్లు ఖాళీ చేసేడేటి?" అంది.

రత్నం నవ్వేసి పీట తిప్పింది. తిప్పిందన్న మాటే గానీ, ఎవరింటికో కొత్తగా వచ్చి, ఆ ఇంటివాళ్ళు చెప్పినట్టు నడుచుకుంటున్న మనిషిలా తిప్పింది.

తర్వాత సంకల్పం. మనం ఎవరం, ఏ కాలంలో, ఏ చోట కూర్చుని ఈ పూజ చేస్తున్నామో దేవుడికి చెప్పుకునే మాటలవి. ఊరి పేరు దగ్గర పుస్తకంలో ఖాళీ ఉంటుంది. ఎవరి ఊరు వాళ్ళు చెప్పుకోవాలి. రత్నం అక్కడిదాకా చదివి, తడుముకోకుండా, "హెల్‌విక్ నగరే" అంది.

"ఏ ఊరే?" అంది అక్క.

రత్నం పుస్తకం వైపు చూసింది. నా వైపు చూసింది. తప్పు అన్నానని ఆమెకు తెలిసింది. మెల్లగా నాతో అంది.

"గాజువాక అందామంటే అబద్ధం చెబుతున్నట్టు ఉందండీ. అమ్మవారి ముందు కూర్చుని అబద్ధం ఎలా చెప్పను?"

ఊరి పేరు ఆమె బదులు నేనే చెప్పి పూజ కానిచ్చాను. ఆ సాయంత్రం వంటింట్లోంచి హాల్లోకి వస్తూ, తలుపున్న చోటు వదిలేసి, పక్కన గోడకు గట్టిగా కొట్టుకుంది. నుదురు బొప్పి కట్టింది. హెల్‌విక్‌లో గుమ్మం అటు ఉంటుందట.

*

రత్నం ఓడలు తనిఖీ చేసే మనిషి. ఐటీఐ చదివి, ఇక్కడి మరమ్మతు షెడ్లలో చాలా ఏళ్ళు పని చేసింది. ఓడ ఒంటికి వేసిన ఇనుప రేకుల అతుకుల మీద చిన్న సుత్తితో కొడుతూ, ఆ చప్పుడును బట్టి లోపల బీట ఎక్కడుందో చెప్పేది. తర్వాత యంత్రం పెట్టి చూస్తే బీట అక్కడే ఉండేది. షెడ్లలో పని పలచబడ్డాక దూరపు పనికి ఒప్పుకుంది.

నాకు మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఉంది. తీగల సంగతి కొంచెం తెలుసు గానీ రత్నం తెచ్చుకున్న సరంజామా నాకు అంతుపట్టలేదు. హాల్లో ఓ కుర్చీ, తలకు పట్టీ, చేతులకు తొడుగులు. అంతే. ఎక్కడో ఉత్తర సముద్రం ఒడ్డున హెల్‌విక్ అనే రేవులో ఇనుప మనిషి ఒకటి నిలబడి ఉంటుంది. ఈమె ఇక్కడ పట్టీ పెట్టుకోగానే అక్కడ అది కళ్ళు తెరుస్తుంది. ఈమె చెయ్యెత్తితే అది సుత్తి ఎత్తుతుంది.

మొదట్లో ఓసారి సరదాకి ఆ పట్టీ నా తలకు పెట్టింది. మా హాలూ కనిపించింది, రేవూ కనిపించింది. రెండూ ఒకదాని మీద ఒకటి. ఏది పట్టుకోవాలో తెలియక కుర్చీలోంచి జారిపోయాను. రత్నం నవ్వుతూ నన్ను లేపి, పట్టీ పక్కన ఏదో నొక్కింది. అంతే, మా హాలు పోయింది. చల్లగాలి ముఖానికి కొట్టింది. కాళ్ళ కింద తడి రాయి. వెనకాల కుర్చీ ఉందన్న సంగతే నాకు గుర్తు లేదు.

"లంగరు వేసేను," అంది ఆమె గొంతు ఎక్కడినుంచో.

మనం ఎక్కడున్నామో గుర్తు పెట్టుకునే చోటు ఒకటి మెదడులో ఉంటుందట. కళ్ళకు రేవును చూపిస్తే చాలదు, ఆ చోటుకు కూడా నువ్వు రేవులోనే ఉన్నావని చెప్పాలి. లేకపోతే చేతులు వణికి పని సాగదు. అలా చెప్పి నమ్మించడమే లంగరు వెయ్యడం. పని అయ్యాక లంగరు ఎత్తేస్తే మనిషి ఇంటికి వచ్చేస్తాడు.

చిన్నప్పుడు హరికథల్లో పరకాయ ప్రవేశం గురించి విన్నాను. యోగి తన ఒంటిని గుహలో వదిలి వేరే ఒంట్లో దూరతాడు. శిష్యులు ఆ వదిలిన ఒంటికి కాపలా కాస్తారు. రత్నం పనిలో ఉన్నంతసేపూ నేనూ షాపు కుర్రవాడికి అప్పజెప్పి వచ్చి, కాసేపు ఆమె దగ్గర కూర్చునేవాణ్ణి. ఈగ వాలితే తోలేవాణ్ణి. పట్టీ తియ్యగానే చేతులు విదిలించుకుని, కూరేం వండారని అడిగేది. కొన్నాళ్ళకు పట్టీ తీశాక కూడా కాసేపు మాట్లాడకుండా కూర్చోవడం మొదలైంది. అలసట అనుకున్నాను. ఆ కాసేపు పెరుగుతూ వచ్చింది. చివరికి కలశం దాకా వచ్చింది.

*

రత్నం బిల్లులూ కంపెనీ కాగితాలూ చూసేది మా ఆడిటర్ భానుమూర్తి గారు. పాత గాజువాకలో మేడ మీద ఆఫీసు. ఇద్దరం వెళ్ళి పూజ సంగతి చెప్పగానే ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఇలాంటి మాట ఆయన మొదటిసారి వినడం లేదని నాకు అర్థమైంది.

ఆయన చెప్పింది నేను నా మాటల్లో చెబుతాను. రత్నం ఆ కంపెనీకి ఉద్యోగి కాదు, కాంట్రాక్టరు. నెల నెలా తనే బిల్లు పంపుతుంది, వాళ్ళు ఫీజు పంపుతారు. ఒళ్ళు గాజువాకలో ఉంది, పని హెల్‌విక్‌లో జరిగింది. మరి పన్ను ఎవరికి కట్టాలి? రెండు దేశాలూ నాకంటే నాకన్నాయి. చివరికి ఒప్పందం చేసుకున్నాయి. ఒళ్ళు ఎక్కడుందన్నది వదిలేశాయి. మనసు తను ఎక్కడున్నానని నమ్ముతోందో పట్టీలో ఒక మీటరు కొలుస్తుంది. దాన్ని సన్నిధి మీటరు అంటారు. ఏడాదిలో సగానికి మించి అక్కడుంటే అక్కడి నివాసి. పన్ను వాళ్ళదే.

అక్కడి నివాసి అయితే కంపెనీయే ఆ పన్ను కట్టేస్తుంది, ఫీజు పూర్తిగా చేతికొస్తుంది. నివాసి కాకపోతే అక్కడా కోత, ఇక్కడా కోత. తిరిగి రాబట్టుకోవాలంటే కాగితాలు పట్టుకుని తిరగాలి. అందుకని కాంట్రాక్టర్లు అందరూ అక్కడి నివాసులుగా ఉండటానికే ఒప్పుకున్నారు. నిరుడు భానుమూర్తి గారే రత్నం చేత కాగితంలో అక్కడి నివాసి అన్నచోట టిక్కు పెట్టించారు. మీటరు సగం దాటాలంటే లంగరు పని గంటల్లోనే ఉంటే సరిపోదు. అందుకని ఆ టిక్కుతో పాటు, పని అయ్యాక లంగరు ఎత్తకుండా వదిలేసే అనుమతి కూడా కంపెనీకి ఇచ్చినట్టయింది.

"ఎత్తకుండానా?" అన్నాను.

"పన్ను కలిసొస్తుందనే చెప్పానండీ," అన్నారాయన. "మనుషులు ఇలా అవుతారని నాకెవరూ చెప్పలేదు."

ఆయన మీద కోపం రాలేదు నాకు. నేనూ పక్కనే కూర్చుని తల ఊపినవాణ్ణే.

పట్టీ పెట్టుకోవడం మానేస్తే సరిపోతుందా అని రత్నం అడిగింది. సరిపోదట. వేసిన లంగరు దానంతట అది ఊడదు. కంపెనీ వాళ్ళు అదే పట్టీ ద్వారా ఎత్తాలి. కాంట్రాక్టరు వాళ్ళ దేశపు నివాసి అయితే, కంపెనీతో కాంట్రాక్టు ముగిసేదాకా ఎత్తనక్కర్లేదు. అప్పటికి మెదడులో ఆ చోటు పాత ఊరిని పూర్తిగా మరిచిపోవచ్చు. తర్వాత ఎత్తినా లాభం ఉండదు. నేను ఇక్కడి నివాసిని అని రత్నం ఇప్పుడే అర్జీ పెట్టుకోవచ్చు. అప్పుడు పన్నుల ఆఫీసు నుంచి ఒకరు ఇంటికి వచ్చి మీటరు పెట్టి చూస్తారు. మీటరు ఇక్కడ ఉన్నట్టు చూపించాలి.

"లంగరు ఉంటే చూపించదు కదండీ," అంది రత్నం.

"చూపించదు."

"చూపిస్తేనే లంగరు ఎత్తుతారు."

"అంతేనమ్మా."

ఆమె కాసేపు బల్ల మీద వేలితో చిన్నగా కొడుతూ కూర్చుంది. అర్జీ పెడితే ఈ ఏడాది ఫీజంతా ఆగిపోతుందని భానుమూర్తి గారు హెచ్చరించారు. ఆగనివ్వమంది. "నేనెక్కడున్నానో నాకు తెలీనప్పుడు, ఆ డబ్బు ఎవరికొస్తున్నట్టు?" అంది. అర్జీ అప్పుడే రాయించి సంతకం పెట్టింది. మేడ దిగుతూ మెట్లు లేనివైపు కాలు వేయబోతే నేను భుజం పట్టుకున్నాను.

*

ఆ రోజు నుంచీ రత్నం ఇంటికి రావడానికి సాధన మొదలుపెట్టింది.

భానుమూర్తి గారు పరీక్ష కోసమని ఒక మీటరు అరువిచ్చారు. అరచేయంత పెట్టె. దాని సన్నటి పట్టీ రత్నం నుదుటికి కట్టే ఉండేది. ముల్లు ఎడమకు పడుకుంటే అక్కడ, కుడికి లేస్తే ఇక్కడ. అది ఎప్పుడు చూసినా ఎడమకు పడుకునే ఉండేది.

తెలియని ఓడలోకి దిగినప్పుడు ముందు కొట్టి చూస్తాను, ఇక్కడా అదే చేస్తానంది రత్నం. సుత్తి తీసుకుని ఇల్లంతా తిరిగింది. గోడలు, గడపలు, గ్యాస్ బండ, నీళ్ళ డ్రమ్ము, చివరికి నా కంచం. కళ్ళు మూసుకుని కొట్టి, ఆ చప్పుడు ఏ గదిలోదో చెప్పాలి. మా అక్క కిటికీలోంచి చూసి, "మా తమ్ముడింటికి లీకేజీ టెస్టు పెట్టిందర్రా," అని వీధిలో చెప్పుకొచ్చింది. ముల్లు కొంచెం కదిలి మళ్ళీ పడుకునేది.

నేను నాకు తెలిసిన దారిలో ప్రయత్నించాను. పొద్దున్నే ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని నరసింహ స్తోత్రం చదివాను. సింహాచలం తీసుకెళ్ళి ప్రదక్షిణలు చేయించాను. ముల్లు కదల్లేదు. తిరిగొచ్చేటప్పుడు నా మొహం చూసి రత్నమే నన్ను ఓదార్చింది.

"మీరు చదువుతుంటే బాగుందండీ. కానీ అక్కడ నిలబడి విన్నట్టుంది."

నాకు ఒక అనుమానం వచ్చి పట్టుకుంది. దేవుడు లేని చోటు లేదని కదా మనం చెప్పుకుంటాం. అలాంటప్పుడు మనిషి మాత్రం ఒక్క చోటే ఎందుకు ఉండాలి? అప్పన్న స్వామి హెల్‌విక్‌లో లేడా? ఉంటే రత్నం అక్కడుండటం తప్పెలా అవుతుంది? ఈ ప్రశ్న ఎవరిని అడగాలో తెలియలేదు. ఒకటి మాత్రం తోచింది. ఆయన అన్ని చోట్లా ఉండి కూడా, మనల్ని ఫలానా ఊరి నుంచి, ఫలానా ఇంటి నుంచి మాట్లాడమంటాడు. ఆయన కోసం కాకపోవచ్చు, మన కోసమే కావచ్చు.

అసలు సంగతి ఆనపకాయ పులుసు దగ్గర బయటపడింది.

ఓ మధ్యాహ్నం అక్క మా ఇంట్లో భోజనం చేస్తూ, పులుసులో ఉప్పు లేదంది. ఇనుప చేతులకు ఉప్పు తెలీదు కాబోలంది. రత్నం ఉప్పు డబ్బా తెచ్చి పెట్టింది. ఆవిడ అంతటితో ఊరుకోలేదు. "మా తమ్ముడు ఉత్త కుర్చీకి కాపలా కాసీసేడు ఇన్నాళ్ళూ. పెళ్ళాం ఉందో లేదో తెలీని బతుకు," అంది.

రత్నం కంచం పక్కకు జరిపింది.

"వదినా, మీ తమ్ముడు నోరు లేని మనిషి కాబట్టి ఎవరూ అడగలేదు గానీ, మీ ప్రహరీ మా జాగాలోకి జానెడు జరిగొచ్చింది. కట్టిన రోజే చూసేను నేను. ఆ ముక్క ముందు చెప్పండి."

"జానెడేటే, నువ్వు కొలిచేవేటి?"

"కొలుస్తాను. ఇప్పుడే కొలుస్తాను పదండి."

బల్ల మీద మీటరు ముల్లు కుడికి లేచి నిలబడింది. ముగ్గురం దాన్ని చూశాం. అక్క నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. మేం చూస్తుండగానే మెల్లగా మళ్ళీ ఎడమకు వాలిపోయింది.

అక్కడుండి ఇక్కడి మనిషితో దెబ్బలాడలేం. దెబ్బలాటకు ఇద్దరూ ఒక్క చోటే ఉండాలి. రత్నం ఆ మాట చెప్పగానే మా అక్క చెయ్యి కడుక్కుని వచ్చి, కొంగు నడుముకు చుట్టి కూర్చుంది. అప్పట్నుంచీ రోజూ ఒక గంట ఇద్దరూ దెబ్బలాడుకునేవారు. మా పెళ్ళిలో వడ్డించిన లడ్డూల దగ్గర్నుంచి అన్నీ తవ్వి తీశారు. ముల్లు లేచి నిలబడే సమయం కొంచెం కొంచెం పెరిగింది. ఎవరైనా వింటే మా ఇల్లు కూలిపోతోందనుకునేవారు. నాకు మాత్రం ఆ అరుపులు వింటుంటే ప్రాణం కుదుటపడేది.

*

పన్నుల ఆఫీసు నుంచి వచ్చినావిడ పేరు రెహానా బేగం. ముప్ఫై దాటి ఉండవు. చెప్పులు గుమ్మం బయట విప్పి, పూజగది ఉన్నవైపు చూసి, ఎక్కడ కూర్చోమంటారని అడిగింది. పెద్ద మీటరు తెచ్చింది. రత్నం నుదుటికి పట్టీ కట్టి, మీరు మామూలుగా మీ ఇంట్లో ఎలా ఉంటారో అలాగే ఉండండి అంది. సాయంత్రం దాకా చూస్తానంది.

మేం అంతా అనుకునే ఉన్నాం. అక్క రావాలి, పులుసుకు వంక పెట్టాలి. అక్క వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని, ఇత్తడి పళ్ళెంలో కాఫీలు పెట్టుకుని వచ్చింది. ఆఫీసరు మెడలో వేలాడే ప్రభుత్వం కార్డు చూసింది. అంతే, ఆవిడ నోటి దురుసంతా ఎగిరిపోయింది.

"మా మరదలు బంగారమండీ," అంది. "ఇలాంటి పిల్ల ఏడు ఊళ్ళు వెతికినా దొరకదండీ."

నేను కళ్ళతో సైగ చేశాను. రత్నం తనే ప్రహరీ మాట ఎత్తింది. "ఆ గోడ రేపే పడగొట్టించీస్తాను తల్లీ, జానెడు కాదు మూరెడు తీసుకో," అంది అక్క, కళ్ళు తుడుచుకుంటూ. ఆవిడకు నిజంగానే ఏడుపొచ్చింది. అవసరానికి కోపం రాలేదు, ప్రేమే వచ్చింది. దానికి ఎవరిని అనగలం?

ముల్లు ఎడమకు పడుకుని కదలకుండా ఉంది. మధ్యాహ్నం తిరిగింది. నేను లోలోపల స్వామిని తలుచుకుంటూ కూర్చున్నాను. నుదుటి పట్టీ కింద చెమటలు పోస్తున్నా రత్నం తుడుచుకోలేదు. రెహానా బేగం మీటరు వైపు ఒకసారి చూసి, పెన్ను మూత తీసింది. రాసేస్తే అయిపోతుంది. కాంట్రాక్టు ముగిసేదాకా రత్నం అక్కడి మనిషి. ఆ తర్వాత కూడా కావచ్చు.

"రాయకండి మేడమ్," అంది రత్నం. "ముందు నేను చెప్పేది వినండి. మీ మీటరు తప్పు చెప్పట్లేదు."

నేను ఉలిక్కిపడ్డాను. ఆమె నా వైపు చూడలేదు.

"నేను ఇప్పుడు హెల్‌విక్‌లో ఉన్నాను. మీరు కూర్చున్న చోట నాకు నీళ్ళు కనిపించవు గానీ, అక్కడ నీళ్ళుండాలని తెలుస్తోంది. నేను అతుకులు చూసే మనిషిని. బీట ఉంటే ఉందనే రాస్తాను, ఓడ యజమాని ఎవరైనా సరే. కాబట్టి ఉన్నది చెబుతున్నాను. అక్కడే ఉన్నాను. అక్కడ నిలబడి చెబుతున్నాను, నేను ఈ ఇంటి మనిషిని. నాకు ఇక్కడికి రావాలని ఉంది."

రెహానా బేగం పెన్ను బల్ల మీద పెట్టింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఇప్పటిదాకా ఆవిడ చూసిన వాళ్ళందరూ మీటరు తప్పని వాదించారట. మీటరు తప్పని ఎవరైనా అంటే మళ్ళీ మీటరే తేల్చాలి. మీటరు నిజమేనని ఒప్పుకుని, అయినా నేను ఇక్కడి వాణ్ణి అని చెప్పుకుంటే మాత్రం రెండు దేశాల ఒప్పందంలో వేరే దారి ఉంది. అప్పుడు మనసు ఎక్కడుందని కాదు, బతుకు ఎక్కడ ముడిపడి ఉందని అడగాలి. ఎవరూ అలా ఒప్పుకోరు కాబట్టి ఆ దారిలో ఎవరూ నడవలేదు.

"అయితే నేను అడిగేవాటికి కూడా ఇలాగే ఉన్నది చెప్పాలి," అంది. "అక్కడ మీకు ఇల్లుందా?"

"లేదండి. ఇనుప మనిషిని పెట్టుకునే గది ఉంది."

"మీకోసం చూసేవాళ్ళు?"

"ఎవరూ లేరు."

"అక్కడ మిమ్మల్ని ఆపేది ఏమైనా ఉందా?"

రత్నం ఒళ్ళోని చేతులు తిప్పి తిప్పి చూసుకుంది.

"అక్కడ నాకు బాగుంటుందండి," అంది చివరికి. "చల్లటి గాలి. పెద్ద పెద్ద ఓడలు. నేను కొట్టి చూసి బీట ఉందంటే, అంతమంది పని ఆపి నా మాట వింటారు. ఇక్కడ ఏ షెడ్డులోనూ అలా వినలేదు. పగలంతా ఒక్కసారి కూడా నడుం నొప్పి తెలీదు. నిజం చెప్పాలంటే, నాకు అక్కడ ఉండాలనిపిస్తుంది."

అక్క తల వంచుకుంది. నేను గోడ మీది పటాల వైపు చూశాను. ఇన్నాళ్ళూ నేను ఆమెను ఎవరో ఎత్తుకుపోయారనే అనుకున్నాను. ఆమెకు అక్కడ నచ్చి ఉంటుందని నాకెప్పుడూ తట్టలేదు. అడగనూ లేదు.

"అయినా?" అంది రెహానా బేగం.

"అయినా వస్తాను. నచ్చిన చోటల్లా నా ఇల్లు కాదు కదండీ. ఈయన ఒంటరిగా కూర్చుని నా ఒంటి మీద ఈగలు తోలుతున్నాడు. ఈయనున్న చోటికి నేను రావాలి."

రెహానా బేగం రత్నం బతుకు ఇక్కడే ముడిపడి ఉందని రాసి, సంతకానికి ముందు ఆ తీర్మానం వల్ల ఏమవుతుందో చదివి వినిపించింది. రెండు దేశాలూ మాట్లాడుకుని తేల్చేదాకా ఫీజు ఆగిపోతుంది. అక్కడ కోసిన పన్ను తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. ఇక్కడి పన్ను మాత్రం ఇప్పుడే కట్టాలి. ఆ రేవు మళ్ళీ ఆమెను పిలవదు. వివాదం నడుస్తున్నంతకాలం కంపెనీకి లంగరు ఉంచే హక్కు లేదు కాబట్టి ఎత్తి తీరాలి.

"కడతాను. అక్కడ పని చేసినమాట నిజం, అక్కడా కడతాను. ఇక్కడ కూర్చున్నమాట నిజం, ఇక్కడా కడతాను," అంటూ రత్నం సంతకం పెట్టింది.

*

లంగరు ఎత్తిన రోజు మేం పండగ అనుకున్నాం. పాయసం కూడా వండాను.

హెల్‌విక్ నుంచి ఎవరో ఒకాయన మర్యాదగా మాట్లాడి, పట్టీ పెట్టుకోమన్నాడు. కాసేపట్లో అయిపోయింది. రత్నం పట్టీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఎలా ఉందని అడిగాను. ఆమె నా చేతిని పట్టుకుంది. ఏటి మధ్యలో కాలు అందని మనిషి పట్టుకున్నట్టు పట్టుకుంది.

అక్కడ లేనంది. ఇక్కడా లేనంది.

లంగరు ఎత్తినంత మాత్రాన ఓడ రేవుకు చేరదని మాకెవరూ చెప్పలేదు. ఆ తర్వాత గడిచిన రోజుల గురించి ఎక్కువ రాయలేను. మంచం దిగితే నేల ఎటుందో తెలిసేది కాదు. మా అక్కతో దెబ్బలాడదామన్నా మాట పుంజుకునేది కాదు. భానుమూర్తి గారు వచ్చి, తెలిసిన డాక్టరు చెప్పిందంటూ ఒక సంగతి చెప్పారు. మెదడు చోటును నేర్చుకునేది నడకతోనేనట. ఒకరు మోసుకొచ్చి దించితే నేర్చుకోదు. దారి తనే వెతుక్కోవాలి, తప్పిపోవాలి, మళ్ళీ దొరకాలి.

రత్నం ఆ మాట పట్టుకుంది. మర్నాడే చీర మార్చుకుని, తనను వీధి చివర బజారు దాకా తీసుకెళ్ళి వదిలేసి రమ్మంది. నేను ఒప్పుకోలేదు. అక్క అసలే ఒప్పుకోలేదు. రత్నం ఎవరి మాటా వినలేదు.

"మీరు వెంట వస్తే మీ దగ్గరికి వచ్చినట్టవుతుంది. ఇంటికి వచ్చినట్టు కాదు," అంది.

బజారులో కొబ్బరికాయల కొట్టు ముందు వదిలేసి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చున్నాను. నడిస్తే పది నిమిషాలు కూడా పట్టని దారి. ఎండ అరుగు దిగి వీధిలోకి పోయింది. ఆమె రాలేదు. అక్క తన గుమ్మంలో నిలబడింది. స్వామీ, నువ్వు ఎక్కడున్నావో నేను అడగను, ఆమె ఎక్కడుందో మాత్రం చూసుకో అనుకున్నాను.

చాలాసేపటికి మలుపులో కనిపించింది. గోడ పట్టుకుని వస్తోంది. ఓ ఆటో అతన్ని ఆపి ఏదో అడిగింది. అతను ఇటు చెయ్యి చూపించాడు. నాలుగు అడుగులు వేసి, ఎదురింటి గేటు దగ్గర ఆగి, లోపలికి చూసి, కాదనుకుని ముందుకు కదిలింది. మా ఇల్లు దాటిపోయింది. నేను లేచి నిలబడ్డాను. ఆమె అలికిడి విని తల తిప్పకుండానే చెయ్యెత్తింది.

"ఆగండి. పిలవకండి."

నేను ఆగాను. వీధి మధ్యలో కళ్ళు మూసుకుని నిలబడింది. ఓ పక్క సైకిళ్ళు పోతున్నాయి. ఎవరింట్లోనో కుక్కర్ కూత వేసింది. కొంతసేపటికి మెల్లగా, తనంతట తనే, మా గేటు వైపు తిరిగింది. తిరిగి, కళ్ళు తెరిచి, వచ్చింది.

అరుగు మీద నా పక్కన కూలబడింది. పాదాలు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. అక్క నీళ్ళ చెంబు తెచ్చి ఇచ్చి, పక్కనే నిలబడింది. రత్నం గడగడా తాగింది.

"చాలా దూరం నడిచేనండీ," అంది.

"అవును," అన్నాను.

ఊపిరి తీసుకునేదాకా ఆగి, చెంబు కింద పెట్టింది.

"రేపు ఇంకాస్త దూరంలో వదిలిపెట్టండి. అక్కణ్ణించి వస్తాను."